నాడీవ్యవస్థ నిర్మాణం: జబ్బు పేరుకు ముందు జబ్బు చోటు

(బెంగళూరులో తెలుగు శ్రోతల సమావేశంలో ఒక నాడీవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఒక మనిషి కుడికాలు ఈడ్చుకుంటూ నాడీవైద్యుడి గదిలోకి వచ్చాడనుకోండి. ఇంట్లోవాళ్ళు అప్పటికే జబ్బు పేరు ఒకటి అనుకుని వస్తారు. పక్షవాతమని ఒకరు, నరాల బలహీనత అని ఒకరు, నడుములో డిస్కు జారిందని ఇంకొకరు. వైద్యుడు ఆ పేర్లన్నీ విని పక్కన పెట్టి, ముందుగా ఒక్క సంగతి తేల్చుకోవడానికి చూస్తాడు: మెదడు పైపొర నుంచి కాలి కండరం దాకా ఉన్న దారిలో దెబ్బ ఎక్కడ తగిలింది? మెదడులోనా, మెదడు కాండంలోనా, వెన్నుపాములోనా, వెన్నుపాము నుంచి వెలువడే నాడీమూలంలోనా, మోకాలి పక్కగా దిగే నాడిలోనా, నాడి కండరాన్ని కలిసే చోటా, లేక కండరంలోనేనా? వీటిలో ఎక్కడ దెబ్బ తగిలినా కాలు ఈడుస్తుంది. అయితే ఒక్కొక్క చోటుకు వచ్చే జబ్బులు కొన్నే. చోటు తేలితే అనుమానించవలసిన జబ్బులు ఐదారుకు తగ్గుతాయి. చోటు తేలకుండా తీయించిన స్కాను, తీయవలసిన చోట కాక మరో చోట తీసినది కావచ్చు. నడుము స్కాను చేతపట్టుకుని వచ్చినవారికి అసలు జబ్బు మెడ దగ్గర ఉండటం మా వృత్తిలో వింత కాదు. అందుకని ఈ సాయంత్రం నాడీవ్యవస్థ అమరికను ‘ఎక్కడ’ అన్న ఆ ప్రశ్న వైపు నుంచే చెబుతాను.

పెద్ద విభజన మీరందరూ బడిలో చదువుకున్నదే. పుర్రెలోని మెదడు, వెన్నెముక కాలువలోని వెన్నుపాము కలిపి కేంద్ర నాడీవ్యవస్థ. మెదడుకు సంబంధించిన 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి వెలువడే 31 జతల వెన్ను నాడులు, వాటి శాఖోపశాఖలు కలిపి పరిధీయ నాడీవ్యవస్థ. ఈ రెంటి మధ్య గీత మన సౌకర్యం కోసం గీసుకున్నది. కాలి బొటనవేలిని కదిపే నాడీకణాన్నే తీసుకోండి: దాని దేహం వెన్నుపాములో ఉంటుంది, దాని తంతువు కాలిలోకి దిగిపోతుంది, ఒకే కణం గీతకు అటూ ఇటూ ఉంది. అయినా ఆ గీతకు ఒక బలమైన కారణం ఉంది. పరిధీయ నాడిలో తెగిన తంతువు తిరిగి పెరగగలదు, మెదడులోనూ వెన్నుపాములోనూ తెగినది చెప్పుకోదగినంతగా పెరగదు. ఈ సంగతికి చివర్లో మళ్ళీ వస్తాను.

నాడీకణం ఆకారం మిగతా కణాలకు భిన్నంగా ఉంటుంది. కణదేహం, సమాచారాన్ని అందుకునే పొట్టి శాఖలు, సమాచారాన్ని పంపే ఒకే ఒక పొడవైన తంతువు. ఈ తంతువునే ఆక్సాన్ అంటారు. నేను చెప్పిన బొటనవేలి కణానికి దేహం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు, ఆక్సాన్ మాత్రం దాదాపు మీటరు పొడవు. ఆక్సాన్‌కు కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం కణదేహంలోనే తయారై, అంత దూరమూ రవాణా కావాలి. వేగంగా పోయే సరుకు కూడా రోజుకు 40 సెంటీమీటర్లకు మించి పోదు. నెమ్మదిగా పోయేది రోజుకు కొన్ని మిల్లీమీటర్లే. మధుమేహంలో నాడులు దెబ్బతినేటప్పుడు తిమ్మిరి పాదాల్లోనే ఎందుకు మొదలవుతుందో ఇక్కడే తెలుస్తుంది. పొడవైన ఆక్సాన్లు ముందుగా, వాటిలోనూ కొసలు ముందుగా చెడతాయి. తిమ్మిరి రెండు కాళ్ళలోనూ సమానంగా మేజోడు తొడిగేంత మేర పైకి ఎక్కి, మోకాళ్ళను సమీపించేసరికి చేతుల మునివేళ్ళలో మొదలవుతుంది, ఎందుకంటే అప్పటికి చెడుతున్న ఆక్సాన్ల పొడవు చేతి ఆక్సాన్ల పొడవుకు సరిపోతుంది. ఒక కాలిలోనే తిమ్మిరి ఉన్నవారు షుగరు వల్లనే అని సర్దిచెప్పుకోకూడదని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

నాడీకణాలు విడివిడి కణాలన్న సంగతి కూడా ఒకప్పుడు వివాదమే. 1873లో ఇటలీకి చెందిన కెమిల్లో గాల్గీ వెండి లవణాలతో నాడీకణజాలానికి రంగు వేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతిలో నూటికి కొన్ని కణాలకే రంగు పడుతుంది, పడిన కణం మాత్రం కొసల దాకా నల్లగా స్పష్టంగా కనిపిస్తుంది. అన్ని కణాలకూ రంగు పట్టి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అదే రంగుతో స్పెయిన్ దేశస్థుడు శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1888 నుంచి పని చేసి, ప్రతి నాడీకణమూ వేరని, కణం కణాన్ని తాకుతుందే గాని కలిసిపోదని వాదించాడు. గాల్గీ మాత్రం అదంతా అతుకులు లేని ఒకే అల్లిక అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి ప్రసంగంలో సైతం గాల్గీ కహాల్ సిద్ధాంతాన్ని ఖండించాడు. 1950ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక రెండు కణాల మధ్య సుమారు 20 నానోమీటర్ల ఖాళీ కంటికి కనిపించి, వాదం కహాల్ పక్షాన ముగిసింది. ఆ ఖాళీని చాలాచోట్ల విద్యుత్తు కాదు, రసాయనం దాటుతుంది. రెండు కప్ప గుండెలతో 1921లో ఆటో లోవీ చేసిన ప్రయోగం దీన్ని రుజువు చేసింది: ఒక గుండెకు పోయే నాడిని ప్రేరేపించి, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే, ఏ నాడీ తాకని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. ఈ ఖాళీ కూడా జబ్బుకు ఒక చోటే. నాడికీ కండరానికీ నడుమ ఉన్న ఖాళీ దగ్గర రసాయన సందేశం సరిగా అందనప్పుడు వచ్చే మయస్థీనియాలో పొద్దున బాగానే ఉన్న కనురెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి. స్పర్శ మాత్రం ఎక్కడా తగ్గదు.

ఆక్సాన్లన్నీ ఒకే వేగంతో పనిచేయవు. మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న లావు తంతువుల్లో సంకేతం సెకనుకు 100 మీటర్లు దాటి పోతుంది. తొడుగు లేని సన్నని తంతువుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లు మాత్రమే. తేడా మీకు అనుభవమే. కాలివేలు గడపకు తగిలినప్పుడు, తగిలిందన్న స్పర్శ ముందు తెలుస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది, ‘హమ్మయ్య, పెద్దగా తగల్లేదు’ అనుకునేలోగా అసలు నొప్పి సలపడం మొదలవుతుంది. మూడూ ఒక్క దెబ్బ తాలూకు వార్తలే, వేర్వేరు తంతువుల్లో బయలుదేరి వేర్వేరు సమయాల్లో చేరాయి.

ఇక మెదడు. పెద్దవాళ్ళలో 1300 నుంచి 1400 గ్రాములు. శరీర బరువులో నూటికి రెండు వంతులు, విశ్రాంతిలో వాడే ఆక్సిజనులో నూటికి ఇరవై. నాడీకణాల సంఖ్య సుమారు 8,600 కోట్లని 2009లో వెలువడిన లెక్క. అందులో దాదాపు 6,900 కోట్లు వెనక కింది భాగంలోని అనుమస్తిష్కంలోనే ఉన్నాయి. మనం గొప్పగా చెప్పుకునే మస్తిష్కపు పైపొరలో ఉన్నవి 1,600 కోట్లే. మెదడులో పదో వంతే వాడతామని ప్రసంగాల్లో చెప్పేవారిని మీరు విని ఉంటారు. అందులో నిజం లేదు. అనుమానం ఉంటే ఏ పదోవంతు దెబ్బతింటే మనిషికి ఏమీ కాదో చూపించమని అడగండి. మెదడును కంటితో చూడాలనుకునేవారికి మన ఊళ్ళోనే అవకాశం ఉంది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది, ఫార్మలిన్‌లో గట్టిపరచిన నిజమైన మెదడును అక్కడ చేత్తో పట్టుకుని చూడవచ్చు. పిల్లల్ని తీసుకువెళ్ళండి, వాళ్ళు పెద్దవాళ్ళకంటే తక్కువ భయపడతారు.

పైపొర మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. ముడతలు పడి ఉండటం వల్ల దాని వైశాల్యంలో మూడింట రెండు వంతులు లోయల్లో దాగి ఉంటుంది. ముందు, పైన, పక్కన, వెనక అని నాలుగు భాగాలు. వెనక భాగం చూపుకు, పక్క భాగం వినికిడికి, జ్ఞాపకానికి, పై భాగం స్పర్శకు, ముందు భాగం కదలికకు, నిర్ణయానికి అని పాఠ్యపుస్తకాలు రంగులు వేసి చూపుతాయి. ఆ రంగుల హద్దులు నిజం మెదడులో అంత పదునుగా ఉండవు, కనుక అక్కడ ఆగను. ఒక్క పట్టీ దగ్గర మాత్రం ఆగుతాను. తల నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక ముడతలో శరీర కదలికలన్నిటికీ స్థానాలు వరుసగా ఉన్నాయి. కాలి స్థానం పైన, రెండు అర్ధగోళాల మధ్య లోపలి ముఖం మీద ఉంది. దాని కింద మొండెం, చేయి, అంతకన్నా కింద చాలా పెద్ద స్థలం తీసుకుని ముఖమూ నాలుకా. ఆ లోపలి ముఖానికి రక్తమిచ్చే ధమని వేరు, బయటి ముఖానికి రక్తమిచ్చే ధమని వేరు. కాబట్టి చేయీ మూతీ పడిపోయి కాలు కొంత నయంగా ఉంటే బయటి ధమని మూసుకుందని, కాలే ఎక్కువగా పడిపోతే లోపలి ధమని అని మంచం పక్కన నిలబడే ఊహించవచ్చు. కుడివైపు చేయీ మూతీతో పాటు మాట కూడా పోతే మరింత ఖాయం. మాటకు ఎడమ ముందుభాగంతో సంబంధం ఉందని 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా చూపించాడు. అతని రోగి ‘టాన్’ అనే ఒక్క శబ్దం తప్ప పలకలేకపోయేవాడు.

ఆ పట్టీ నుంచి బయలుదేరిన తంతువులు లోపలికి దిగుతూ ఒక ఇరుకైన చోట కిక్కిరిసి పోతాయి. పైపొరలో అరచేయంత మేర దెబ్బతింటే గాని పోని కదలిక, అక్కడ చిన్న గింజంత దెబ్బకే ముఖం, చేయి, కాలు మూడూ సమానంగా పోతాయి. స్కానులో మచ్చ చిన్నది కదా, బలహీనత ఇంత ఎక్కువేమిటని రోగి బంధువులు అడుగుతుంటారు. మచ్చ పరిమాణం కంటే అది పడిన చోటు ముఖ్యం.

అక్కడి నుంచి దారి మెదడు కాండంలోకి దిగుతుంది. మధ్య మెదడు, పాన్స్, మజ్జాముఖం అని మూడు అంతస్తులు, మొత్తం కలిపి ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు. మెలకువ, శ్వాస, గుండె వేగం, మింగడం, కళ్ళు కదపడం ఇవన్నీ ఇంత చిన్న చోటులో ఉన్నాయి. పన్నెండు కపాల నాడుల్లో మొదటి రెండు తప్ప మిగిలినవాటి కణాల గుంపులు దాదాపు అన్నీ ఇక్కడే ఉన్నాయి. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే కదలిక తంతువుల్లో నూటికి 85 నుంచి 90 మజ్జాముఖం అడుగున ఎదుటి పక్కకు దాటుతాయి. ఎడమ మెదడు కుడి చేతిని నడపడం ఈ దాటడం వల్లనే. కాండంలో దెబ్బ తగిలితే, ఆ అంతస్తులోని కపాల నాడి దెబ్బ తగిలిన పక్కనే పడిపోతుంది, ఇంకా దాటవలసిన తంతువులు తెగడం వల్ల చేయీ కాలూ ఎదుటి పక్కన పడిపోతాయి. కుడివైపు ముఖమంతా, ఎడమవైపు చేయీ కాలూ ఒకేసారి బలహీనమైతే దెబ్బ పాన్స్‌లో కుడిపక్కన తగిలిందని చెప్పడానికి యంత్రం అక్కరలేదు.

ముఖం గురించి ఒక చిన్న పరీక్ష చేద్దాం. అందరూ ఒకసారి కనుబొమలు పైకెత్తండి. నుదుటి మీద ముడతలు రెండు పక్కలా పడుతున్నాయి కదా. నుదుటి కండరాలను నడిపే కణాలకు రెండు అర్ధగోళాల నుంచీ ఆదేశాలు అందుతాయి. మూతి కండరాలను నడిపేవాటికి ప్రధానంగా ఎదుటి అర్ధగోళం నుంచే. కనుక మెదడులో స్ట్రోక్ వచ్చి మూతి వంకరపోయినవారు నుదురు ముడతపెట్టగలరు, కన్ను మూయగలరు. ముఖ నాడి దెబ్బతిని మూతి వంకరపోతే నుదురూ నునుపైపోతుంది, కన్నూ మూతపడదు. ‘మూతి వంకరపోయింది, గాలి సోకింది’ అని పసరు మందులు వేయించుకుంటూ కూర్చునేవారున్నారు. నుదురు ముడతపడుతూ మూతి ఒక్కటే పోతే అది ఇంకా ప్రమాదకరమైనదని గుర్తుంచుకుని, ఒక్క నిమిషం ఆలస్యం చేయక, స్ట్రోక్‌కు చికిత్స చేసే ఆసుపత్రికి పోవాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది మందుకు మామూలుగా మొదటి నాలుగున్నర గంటలే గడువు. నుదురుతో సహా పోయినా, ముఖ నాడి జబ్బేనని తేల్చవలసింది వైద్యుడే. పాన్స్‌లో తగిలిన దెబ్బకూ అదే తీరు ఉంటుందని ఇప్పుడే చెప్పుకున్నాం.

అనుమస్తిష్కం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అది బలాన్ని కాదు, కదలికలోని కొలతను చూస్తుంది. దాని తంతువులు రెండుసార్లు దాటడం వల్ల కుడి అనుమస్తిష్కం దెబ్బతింటే కుడి చేయే తడబడుతుంది.

వెన్నుపాముకు వద్దాం. నా దృష్టిలో నిర్మాణం తెలిస్తే ఎంత లాభమో ఇక్కడ తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. పొడవు 42 నుంచి 45 సెంటీమీటర్లు, లావు చిటికెన వేలంత. మెదడులో కణాల బూడిదరంగు పదార్థం పైన, తంతువుల తెల్ల పదార్థం లోపల ఉంటే, ఇక్కడ తెలుపు బయట, బూడిదరంగు లోపల. దాని నుంచి వెలువడే 31 జతల నాడుల్లో మెడ దగ్గర 8, ఛాతీ దగ్గర 12, నడుము దగ్గర 5, త్రికం (నడుము కింద, తోకఎముకకు పైన ఉన్న ఎముక) దగ్గర 5, తోకఎముక దగ్గర 1. ప్రతి నాడికీ రెండు మూలాలు: వెనక మూలం స్పర్శను లోపలికి తెస్తుంది, ముందు మూలం కదలికను బయటికి పంపుతుంది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో లండన్‌లో చార్లెస్ బెల్, పారిస్‌లో ఫ్రాన్స్వా మజాండీ ఈ సంగతి కనిపెట్టి, ముందు ఎవరు కనిపెట్టారని చాలాకాలం తగవులాడుకున్నారు.

బెంగళూరులో ఇల్లు కనుక్కోవాలంటే ఎన్నో మెయిన్, ఎన్నో క్రాస్ అని రెండూ తెలియాలి. ఒక్కటే తెలిస్తే ఆటోవాడు తిప్పుతూనే ఉంటాడు. వెన్నుపాములోనూ అంతే. పొడవునా దిగే, ఎక్కే తంతువుల దారులు మెయిన్లు. అడ్డంగా వెలువడే 31 జతల నాడుల మట్టాలు క్రాసులు. మట్టం చర్మం మీద తెలుస్తుంది. బొటనవేలి స్పర్శ మెడలోని ఆరో నాడిది, చిటికెన వేలిది ఎనిమిదోది, చనుమొన మట్టం ఛాతీ నాలుగోది, బొడ్డు పదోది, కాలి బొటనవేలు నడుము ఐదోది, పాదం బయటి అంచు త్రికం మొదటిది. బొడ్డు దగ్గరి నుంచి కిందికి స్పర్శ లేదని రోగి చెబితే ఒక గీత దొరికినట్టే. ఇక ఏ దారి తెగిందన్నది మిగిలింది. ఇక్కడొక విశేషం ఉంది. కాలి కదలిక తంతువులు పైన మజ్జాముఖంలోనే దాటివచ్చాయి కనుక వెన్నుపాములో అవి తమ పక్కనే దిగుతాయి. కీలు ఏ స్థితిలో ఉందో చెప్పే తంతువులు తమ పక్కనే ఎక్కి మజ్జాముఖంలో దాటుతాయి. నొప్పినీ వేడినీ తెచ్చే దారి మాత్రం వెన్నుపాములోకి అడుగుపెట్టగానే, ఒకటి రెండు మట్టాలలోపే, ఎదుటి పక్కకు దాటి ఎక్కుతుంది. అందువల్ల వెన్నుపాము కుడి సగం తెగితే కుడికాలు కదలదు, కుడికాలు ఎక్కడుందో కళ్ళు మూసుకుంటే తెలియదు. కానీ సూది గుచ్చితే తెలియనిది, వేడినీళ్ళు పోస్తే కాలేది తెలియనిది ఎడమకాలికి. మనిషి వచ్చి ‘నాకు బలం లేని కాలు ఒకటి, స్పర్శ లేని కాలు మరొకటి’ అని చెబితే వినేవారికి అబద్ధంలా ఉంటుంది. 19వ శతాబ్దం నడుమ బ్రౌన్ సెకార్ ఈ తీరును విడమరచి వర్ణించాడు, నేటికీ అది అతని పేరుతోనే ఉంది.

చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టి చూడటం మీరు చూసే ఉంటారు. ఆ దెబ్బకు తొడ కండరం సాగగానే ఆ సంకేతం నడుము మూడు, నాలుగు మట్టాలకు చేరి, ఒకే ఒక్క నాడీసంధి (రెండు నాడీకణాలు కలిసే చోటి ఖాళీ) దాటి, కండరానికి తిరిగివచ్చి కాలును ఎగరేస్తుంది. మెదడుకు ఇందులో పని లేదు. మెదడు పని ఈ ప్రతీకార చర్యను అదుపులో ఉంచడమే. కనుక మెదడు నుంచి దిగే పైదారి తెగితే కాలు మరీ ఎగురుతుంది. ఆ మట్టంలోని మూలమో నాడో తెగితే అసలు ఎగరదు. అరికాలి మీద గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే పైదారిలో దెబ్బ ఉందని 1896లో బాబిన్‌స్కీ చెప్పాడు. నడక రాని పసిపిల్లల్లో అది మామూలే, ఎందుకంటే వాళ్ళ పైదారికి మైలిన్ తొడుగు ఇంకా పూర్తికాదు. కాలు పడిపోయిన మనిషిలో కేంద్ర నాడీవ్యవస్థ జబ్బునూ పరిధీయ నాడీవ్యవస్థ జబ్బునూ వేరుచేయడానికి ఈ సుత్తిని మించిన చవకైన పరికరం ఇంతవరకూ రాలేదు.

ముందు వరుసలో ఒక పెద్దాయన అడుగుతున్నారు, నడుములో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయంటారు, నిజమేనా అని. మంచి ప్రశ్న, అండి. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ మూడు పొరలున్నాయి; మధ్య పొరకూ లోపలి పొరకూ నడుమ సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం తిరుగుతుంటుంది. మెదడు లోపలి గదుల్లో రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది కనుక కొద్దిగా తీసినా త్వరలోనే భర్తీ అవుతుంది. ఇక కాళ్ళ సంగతి. బిడ్డ ఎదిగేటప్పుడు వెన్నెముక పెరిగినంతగా వెన్నుపాము పెరగదు. పెద్దవాళ్ళలో అది నడుము మొదటి, రెండో వెన్నుపూసల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద ఉండేవి ద్రవంలో తేలుతూ దిగే నాడీమూలాలు మాత్రమే. సూది గుచ్చేది మూడు నాలుగు పూసల నడుమనో, నాలుగైదు పూసల నడుమనో. అక్కడ వెన్నుపామే లేదు. పరీక్ష తర్వాత కొందరికి తలనొప్పి వస్తుంది, అది నిజం. మెదడు జ్వరం అనుమానంతో ఈ పరీక్ష అడిగినప్పుడు కాళ్ళ భయంతో వద్దనడం వల్ల జరిగే నష్టం మాత్రం చాలా పెద్దది.

మన ఇష్టంతో పనిలేకుండా నడిచే స్వయంచోదిత వ్యవస్థ మిగిలింది. దానిలో సహానుభూత విభాగం ఛాతీ మొదటి మట్టం నుంచి నడుము రెండో మట్టం వరకు ఉన్న వెన్నుపాము నుంచి బయలుదేరుతుంది. పరానుభూత విభాగం నాలుగు కపాల నాడుల నుంచి, త్రికం మట్టాల నుంచి. ఒకటి పోరాటానికి, ఒకటి విశ్రాంతికి అని చెప్పడం మరీ పలచనైన మాట. మీరు కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ, ఏ పోరాటమూ లేకుండానే, సహానుభూత తంతువులు కాళ్ళ రక్తనాళాలను బిగించి రక్తపోటు పడిపోకుండా నిలుపుతున్నాయి. వీటి దారుల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది కంటిపాపకు పోయే దారి. అది మెదడులోని హైపోథలామస్‌లో మొదలై, మెదడు కాండం గుండా ఛాతీ మొదటి మట్టం దాకా దిగి, అక్కడ బయటపడి, ఊపిరితిత్తి కొన మీదుగా వెనక్కి ఎక్కి, మెడలోని పెద్ద ధమనిని పట్టుకుని పుర్రెలోకి పోయి కంటికి చేరుతుంది. పక్కనే ఉన్న కంటికి ఇంత చుట్టుదారి! అందువల్ల ఒక కనురెప్ప కొద్దిగా వాలి, అదే పక్క కంటిపాప చిన్నదైతే, కళ్ళ వైద్యుడు ఛాతీ ఎక్స్‌రే రాయవచ్చు. ఊపిరితిత్తి కొనలోని కణితి మొదట కంటి దగ్గర బయటపడిన సందర్భాలున్నాయి. 1869లో దీన్ని వర్ణించిన స్విట్జర్లాండ్‌కు చెందిన హార్నర్ స్వయంగా కళ్ళ వైద్యుడే.

చివరిగా చేతి నాడులు. ఈ ఊళ్ళో రోజంతా కీబోర్డు మీద పనిచేసేవారు చాలామంది కనుక ఈ ఒక్క గుర్తు చెబుతాను. రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి చేయి విదిలించుకునేవారికి తరచుగా మణికట్టు దగ్గర మధ్య నాడి నొక్కుకుపోయి ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగం దాని వంతు. ఉంగరపు వేలిలో మిగతా సగం, చిటికెన వేలు మోచేయి వెనకగా పోయే అల్నార్ నాడి వంతు. మోచేయి బల్లకు తగిలి జివ్వుమన్నప్పుడు తగిలింది ఆ నాడికే. ఉంగరపు వేలిలో సరిగ్గా సగమే తిమ్మిరిగా ఉంటే జబ్బు చేతి నాడిలో ఉంది. వేలంతా తిమ్మిరిగా ఉంటే మెడ దగ్గరి మూలాన్ని అనుమానించాలి, ఎందుకంటే మూలాలు వేలిని మధ్యకు చీల్చవు.

మెడలోని ఐదో నాడి నుంచి ఛాతీ మొదటి నాడి వరకు ఐదు మూలాలు భుజం కింద కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి చేతి నాడులన్నీ తయారవుతాయి. ద్విచక్ర వాహనం మీంచి ఎగిరిపడి, తల ఒక వైపుకూ భుజం ఒక వైపుకూ లాగబడినప్పుడు తెగేది ఈ అల్లికే. తెగిన పరిధీయ నాడి తిరిగి పెరుగుతుందని మొదట్లో అన్నాను. పెరిగే వేగం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి అరచేయి దాకా 70 సెంటీమీటర్లు అనుకుంటే రెండేళ్ళ దారి. నాడి అందని కండరం ఏడాదీ ఏడాదిన్నర దాటితే దాన్ని తిరిగి అందుకునే శక్తి కోల్పోతుంది. అందుకే గాయమైన ఆరు నెలలలోపే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలని పదేపదే చెబుతాం. మూలం వెన్నుపాము నుంచే ఊడివస్తే దాన్ని కుట్టడానికీ వీలుండదు. అప్పుడు పక్కన బాగున్న నాడి నుంచి కొంత భాగాన్ని తెచ్చి, కండరానికి అతి దగ్గరగా అతికిస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఒబర్లాన్ 1994లో ప్రకటించిన పద్ధతిలో, మణికట్టును మడిచే అల్నార్ తంతువుల చిన్న కట్టను తీసి మోచేతిని మడిచే కండరపు నాడికి కలుపుతారు. కట్టను పై చేతిలోనే మళ్ళిస్తారు కనుక పెరగవలసిన దూరం కొద్ది సెంటీమీటర్లే. ఆ తంతువుల కణదేహాలు మాత్రం వెన్నుపాములో తమ పాత మట్టంలోనే ఉన్నాయి, మెదడుకు అవి ఇంకా మణికట్టు కణాలే. అందుచేత ఆపరేషన్ అయిన కొత్తలో రోగిని మోచేయి మడవమంటే మడవలేడు; మణికట్టు మడవమంటే మోచేయి కదులుతుంది. నెలల తరబడి అభ్యాసం చేశాక మణికట్టు తలపు లేకుండానే మోచేయి మడవడం అతనికి వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.